కొబ్బరికి ధర లేని నెలలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. పలాసలో ఒక డయాలసిస్ సెంటర్లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. కిడ్నీలు పాడైన వాళ్ళ తిండి చూసుకోవడం నా పని. ముఖ్యంగా పొటాషియం. అది రక్తంలో హద్దు దాటితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

ఉద్దానంలోని జలంత్రకోట నుంచి వచ్చే ఒక పెద్దావిడతో ఆ ఏడాది ఇదే పేచీ. కొన్ని నెలలు బుద్ధిగా ఉండే పొటాషియం మరికొన్ని నెలలు ఎగిరి కూర్చునేది. ప్రతిసారీ డైట్ రీకాల్ చేసేదాన్ని, అంటే నిన్నటి నుంచి ఏం తిన్నారో వరసగా చెప్పించడం.

"కొబ్బరి బొండాలేమైనా తాగారా?"

"నేదమ్మా. నువ్వొద్దన్నావు కదా, ముట్టనేదు."

అబద్ధమాడే మనిషి కాదు. ఏమీ తోచక ఒకరోజు వాళ్ళింటికే వెళ్ళాను. పెరట్లో ముదురు కొబ్బరికాయలు కుప్పగా పడి ఉన్నాయి. కోడలు కూరకని ఒకటి కొట్టి, నీళ్ళు గ్లాసులోకి వంచి అత్తగారి చేతికిచ్చింది. నేను గబుక్కున ముందుకు వెళ్ళాను.

"అయ్యో, అవి తాగకూడదు!"

"ఇవి బొండాలు కావు కదండి మేడమ్, కూరకి కొట్టిన కాయవి," అంది కోడలు. "ధర పడిపోనాది. సావుకారు రావట్లేదు. కాయలు పారేత్తామేటి?"

అప్పుడు అర్థమైంది. ధర ఉంటే కాయలు బేరానికి పోతాయి, పడిపోతే వంటింట్లోకి వస్తాయి. నా రిపోర్టుల్లో ఇన్నాళ్ళూ ఎగిరిపడింది కొబ్బరి మార్కెట్టే. ముదురు కాయ నీళ్ళలోనూ పొటాషియం ఎక్కువేనని, ప్రాణం మీదికి వస్తుందని ఇద్దరికీ చెప్పాను.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టలేదు.

"మా అత్త కాలంలో ఒక్క కాయ ముట్టనిచ్చీది కాదమ్మా. కాయలమ్మితేనే బియ్యం, అవీ పండక్కే. రోజూ సోడంబలే, మీరు రాగి జావంటారే, అదే. జొరమొత్తే ఇన్ని కొబ్బరినీళ్ళు పోసీవోరు, అంతే. ధరున్నప్పుడు మా అత్త తాగనివ్వనేదు. ధర నేకపోతే నువ్వు తాగనివ్వవు. మరి నేనెప్పుడు తాగాల?"

జాలేసింది. అయినా గ్లాసు తీసేసుకున్నాను.

ఇప్పుడు ఉద్దానం నుంచి ఎవరొచ్చినా రిపోర్టు చూడకముందే కాయ ధర ఎలా ఉందని అడుగుతాను. ఒక ఇంట్లో ఏం తింటున్నారో అంగట్లో ధర నాకంటే ముందే చెబుతుందని నేర్పింది ఆవిడే.

నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చిన మరుసటి నెల ఆవిడ పొటాషియం దిగింది. ధర పెరిగిందేమోనని కోడలిని అడిగాను. పెరగలేదట. కాయలు పెరట్లోనే ఉన్నాయట.