పెదనాన్న వేళ్లకు ఎండ తగిలిన ఏడాది

మా పెదనాన్న ముప్పై నాలుగేళ్లు ఒకే కాలంలో బతికాడు. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో పని. చుట్టూ బంగాళాదుంపల బస్తాలు, పండ్ల పెట్టెలు, మధ్యలో ఆయన. బయట మాడు పగిలే ఎండ కాసినా, కుండపోతగా వాన కురిసినా లోపల నాలుగు డిగ్రీలే. తెల్లవారకముందే వెళ్లి పొద్దుగుంకాక వచ్చేవాడు. వేసవిలో మేమంతా చెమటలు కక్కుతుంటే, స్వెటర్ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ ఎండ కాసిందా ఏంటి?" అని అడిగేవాడు. మాకు ఒళ్లు మండిపోయేది.

ఆ చలే ఆయన వేళ్లను తినేసింది. కుడిచేతి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా కళ్లతో చూసుకుంటూ పెట్టుకోవాల్సిందే. "ఏడాదిపాటు ఆ చలికి దూరంగా ఉండండి. స్పర్శ వస్తే వస్తుంది, లేదంటే ఇక ఇంతే" అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని పెద్దమ్మ పని మానిపించేసింది. యజమాని ఊరుకుంటాడా? మూడు రోజులకోసారి ఫోను. "మీరు లేకపోతే ఏ గదిలో ఏముందో మాకే తెలియట్లేదు. వచ్చేయండి." ఫోను మోగినప్పుడల్లా పెద్దమ్మ ముఖం చూడాలి. మళ్లీ వెళ్తే ఆ వేళ్లు ఇక ఆయనవి కావని ఆమె భయం. ఆయనకేమో ఇంట్లో కాలు నిలవదు.

చివరికి యజమానితో తేల్చి చెప్పాడు. "ఒక్క ఏడాది ఆగండి. అన్ని కాలాలూ ఒకసారి చూసి, అప్పుడు చెప్తాను." కాలాల్ని చూడ్డానికి సెలవు అడిగిన మనిషిని నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

వాళ్ల పైవాటాలోనే నా కాపురం. కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే కింద పెరడంతా కనిపిస్తుంది. ఇక మొదలైంది ఆయన పరిశోధన. మిట్టమధ్యాహ్నం వెళ్లి గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు.

"గోడ ఏమంటోంది పెదనాన్నా?" అని పైనుంచి అరిచాను.

"ఉండవే. అరచేతికి కాలుతోంది, వేళ్లకింకా కబురందలేదు."

వానలు మొదలయ్యాక చూరు కిందే మకాం. "వాన ఇంత గోల చేస్తుందా? మా గదిలోకి వినపడేదే కాదు!" అని ఆశ్చర్యపోయాడు. ఓ రోజు బట్టలారేసే తీగ మీద వేలాడుతున్న నీటిబొట్లను వేలితో తీసుకుంటూ పోయి, తడి తెలిసిందన్నాడు.

"చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కళ్లు మూసుకుని చెప్పండి" అంది పెద్దమ్మ.

మూసుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడి, తల అడ్డంగా ఊపాడు. నాకు ఏడుపొచ్చింది.

వానలు తగ్గుముఖం పట్టాక పెరట్లో జామచెట్టు కాసింది. మధ్యాహ్నం ఓ కాయ కోసి కొరికి, కంగారుగా కేకేశాడు. "ఏమే, ఇది వెచ్చగా ఉందేంటే? చెడిపోయిందా?" ఆయన చేతుల మీదుగా లక్షల పండ్లు దాటాయి, అన్నీ చల్లగా ఉన్నవే. చెట్టున ఉన్న కాయకు ఎండ తగిలితే లోపలిదాకా వెచ్చబడుతుందని అరవై రెండేళ్లకు తెలిసింది.

"చెడిపోయింది కాయ కాదు, మీరు!" అంది పెద్దమ్మ. ఆయన తొడిమదాకా తినేశాడు. ఆపైన రోజూ మధ్యాహ్నమే కోసేవాడు. పొద్దున కోస్తే రుచి రాదట!

సాయంత్రాలు పెద్దమ్మ పరీక్ష పెట్టేది. కళ్లు మూయించి, చేతిలో ఏదో ఒకటి ఉంచి, ఏంటో చెప్పమనేది. సామగ్రి నాదే. గుండీలు, దారపు ముక్కలు, గుడ్డ పేలికలు. పెదనాన్న ఓరకంట చూసి చెప్పేసేవాడు, దొరికిపోయి చీవాట్లు తినేవాడు. చలికాలం కూడా వచ్చి వెళ్లిపోయింది. ఏడాది నిండింది, రేపొచ్చి మాట్లాడతానని యజమాని కబురు చేశాడు.

ఆ సాయంత్రం మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. పెదనాన్న నిజంగానే కళ్లు మూసుకున్నాడు. పెద్దమ్మ గుండీ అందించబోతే అది జారి కింద పడింది. ఆయన వేళ్లు ఖాళీగా ఉన్న ఆమె అరచేతి మీద వాలాయి. అక్కడే ఆగాయి.

"తెలుస్తోందే!" అన్నాడు. "గరుకుగా ఉంది. చెప్పనా? గోనెసంచి ముక్క! ముప్పై నాలుగేళ్లు మోశాను, నాకు తెలీదా?"

ఆయన కళ్లు తెరిచి, వేళ్ల కింద ఉన్నదేంటో చూశాడు.

"ఎప్పట్నుంచే ఇలా?" అన్నాడు.

"మీ వేళ్లు మొద్దుబారకముందు నుంచే" అంది ఆమె.

మర్నాడు యజమాని వచ్చేసరికి పెదనాన్న పెరట్లో అంట్లు తోముతున్నాడు. "రాలేనండీ. ఇక్కడ పనుంది" అన్నాడు, గిన్నె మీంచి తల ఎత్తకుండా.