మట్టి ఇచ్చాను గానీ, మొక్క ఇవ్వలేదు

ఇప్పుడంటే ఫోను మీద వేలు పెడితే ఎక్కడెక్కడి మొక్కలూ అట్టపెట్టెల్లో గుమ్మం ముందుకొచ్చి వాలుతున్నాయి గానీ, తొంభైల చివర్లో మేం బందరులో అద్దెకున్న రోజుల్లో కొత్త రకం మొక్కంటే ఒక హోదా. కలర్ టీవీ అందరిళ్లలోకీ వచ్చేశాక పక్కింటివాళ్లు కుళ్లుకోవడానికి మిగిలినవి పూలకుండీలేనని నాకనిపించేది. (అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. లోకంలో న్యాయం ఎంత తక్కువగా ఉందో కనిపెట్టిన మొదటి మనిషిని నేనేనని గట్టి నమ్మకం.) ఆ నమ్మకానికి ఎరువేసి పెంచినావిడ బ్యాంకు ఆంటీ.

బ్యాంకు ఆంటీది మా పక్కిల్లు. బ్యాంకులో ఉద్యోగం, గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చారు. మాట మహా మెత్తన. ఎవరినైనా ఏమైనా అనాలనుకుంటే గొంతు ఇంకాస్త మెత్తబడేది. ఆవిడ చలికాలంలో ఊటీ వెళ్లి, వస్తూ వస్తూ ఒళ్లో పెట్టుకుని ఒక మొక్క తెచ్చారు. నేరేడుపండు రంగులో ఉండేది. సన్నటి కాడ, కాడ చివర మూడంటే మూడే ఆకులు, ఒక్కొక్కటీ జాకెట్టు ముక్కని మూడు మూలలుగా కత్తిరించినట్టు. మధ్యలో లేత గులాబీరంగు చిన్న పూలు. నిజం చెప్పాలంటే అందంగానే ఉండేది, ఆ మాట అప్పట్లో నా నోట రాలేదంతే. ఆవిడ దాన్ని సీతాకోకచిలక మొక్క అనేవారు. సాయంత్రం చీకటి పడుతుంటే ఆ ఆకులు గొడుగు మడిచినట్టు కిందికి ముడుచుకునేవి. ఆ వేళకి ఆంటీ ఇరుగుపొరుగుని పిలిచి వరండాలో నిలబెట్టి, "నెమ్మదిగా మాట్లాడండి, నిద్రపోతోంది" అనేవారు. అమ్మా, ఎదురింటి మెడికల్ షాపు పిన్నిగారూ బారసాలకెళ్లినట్టు వంగి చూసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. మొక్క నిద్రపోతుంటే మనం గుసగుసలాడడమేమిటి?

అలా చూస్తూనే ఒకరోజు అమ్మ, ఏ దురుద్దేశమూ లేకుండా, "వదినగారూ, ఇది మన పులిచింతాకు జాతిలా ఉందండీ. నూతి గట్టు పక్కన పచ్చగా మొలుస్తుంది చూడండి, పుల్లగా ఉంటుంది, ఆకు అచ్చం ఇలాగే" అంది. ఆంటీ ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ అందులోంచి ప్రాణం పోయింది. "నూతి గట్టు మీద మొలిచేదాన్ని ఊటీ దాకా వెళ్లి తెచ్చుకుంటానంటారా?" అన్నారు మెత్తగా. అమ్మ సర్దుకుని, "అబ్బే, రంగు వేరులెండి" అంది. ఆ తర్వాత అమ్మ ఒక పిలక అడిగితే, "ఇది విడదీస్తే బతకదండీ" అన్నారు. పిన్నిగారు అడిగినా అదే జవాబు.

వేసవి వచ్చింది. బందరు వేసవి సంగతి తెలిసిందే, ఎండకి తోడు సముద్రపు ఉక్క. మనుషులమే నీరుగారిపోతుంటే ఊటీ మొక్కెంత. ఒక్కో కాడా వాలిపోవడం మొదలెట్టింది. ఆంటీ కంగారుపడి పొద్దునా సాయంత్రం నీళ్లు పోశారు, కుండీని ఫ్యాను కింద పెట్టారు, బలానికని ఏదో మాత్ర నూరి కలిపారు. రోహిణీ కార్తె వచ్చేసరికి కుండీలో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఆ మట్టిని ప్రహరీ పక్కన కుమ్మరిస్తుంటే అమ్మ చూసింది. బందరులో మాది ఉప్పు నేల, కుండీకి పనికొచ్చే మట్టి దొరకడం కష్టం. "వదినగారూ, ఈ మట్టి నేను తీసుకోనా, కనకాంబరాలు వేసుకుంటాను" అనడిగింది. ఆంటీ చెయ్యి విదిలించి, "తీసుకోండి, నాకు దాని ముఖం చూడాలనే లేదు" అన్నారు. ఈ మాట నేను నా చెవులతో విన్నాను. గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. (ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకింత గట్టిగా చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.)

అమ్మ ఆ మట్టిని చెవి విరిగిన ప్లాస్టిక్ బకెట్టులో పోసి, కాస్త పేడ ఎరువు కలిపి, మెట్ల పక్క నీడలో పెట్టింది. కనకాంబరం విత్తనాలు వేద్దామనుకుంటూనే మరిచిపోయింది. వానలు పడ్డాయి. ఒకరోజు చూద్దుం కదా, బకెట్టులోంచి ఊదారంగు చుక్కలు తలెత్తాయి. శ్రావణం వచ్చేసరికి బకెట్టు కనపడనంతగా ఆకులు, వాటి మధ్య పూలు. ఊటీలో ఉన్నప్పుడు కూడా అది అంత సుఖంగా ఉండి ఉండదు.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. ఆంటీ పట్టుచీర కట్టుకుని మెట్లెక్కుతూ బకెట్టు దగ్గర ఆగారు. లోపలికొచ్చి కూర్చున్నారు, పసుపు రాయించుకున్నారు, తాంబూలం అందుకున్నారు. అప్పుడు గది అంతా వినేలా, ఎంతో మెత్తగా అన్నారు: "నేనైతే ఎవరికీ ఒక్క పిలకైనా ఇవ్వలేదండీ. మరి అది ఇక్కడికెలా నడిచొచ్చిందో."

పేరంటాళ్ల చేతుల్లో శనగలు ఆగిపోయాయి. అమ్మ నవ్వుతూ, "మీరిచ్చిన మట్టేనండీ అది, అందులోంచే వచ్చింది" అంది. "చచ్చిపోయిన మొక్క ఎలా వస్తుంది వదినగారూ?" అన్నారు ఆంటీ. అందరూ అమ్మ వైపు చూశారు. మా అమ్మ వైపు. పక్కింటివాళ్ల పాలగిన్నె కడిగి, అందులో చిటికెడు పంచదారేసి తిరిగిచ్చే మనిషి వైపు. ఇక నేను ఆగలేదు. విసురుగా మెట్ల దగ్గరికి వెళ్లి, బకెట్టు ఎత్తి తెచ్చి, గడప దగ్గర పాత పేపరు పరిచి బోర్లించేశాను. మట్టి విడదీసి చూపించాను. గులాబీరంగు దుంపలు, చిటికెన వేలంత, ఒంటినిండా పొలుసులతో. "చూడండి. ఇవి మట్టిలో బతికే ఉన్నాయి. ఎండాకాలం పైన ఆకులు పోతాయి, వానలకి మళ్లీ వస్తాయి. మా బోటనీ మేడమ్‌ని కూడా అడిగాను" అన్నాను. (అడగలేదు. తర్వాత అడిగి ఖాయపరచుకున్నాను.) పిన్నిగారు వంగి చూసి, "అచ్చం ఎండు రొయ్యల్లా ఉన్నాయే" అనేసి, పేరంటంలో ఏం మాటన్నానా అని లెంపలు వేసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. కేసు గెలిచేశాననే అనుకున్నాను.

ఆంటీ ఆ దుంపలని తాపీగా చూశారు. "అయితే ఇవి నావేనన్నమాట" అన్నారు. "మీరే కదా ఆంటీ మట్టి తీసుకోమన్నది" అన్నాను. "మట్టి తీసుకోమన్నానమ్మా. మొక్కని తీసుకోమన్నానా?" అన్నారు. బ్యాంకులో అప్పు తీసుకున్నవాళ్లకి వాళ్లు సంతకం పెట్టిన కాగితాన్నే చూపించే తీరులో.

దానికి నేనొక జవాబు చెప్పి ఉండాలి. చెప్పలేదు. ఈలోగా అమ్మ కింద కూర్చుని, చెల్లాచెదురైన దుంపలన్నీ ఏరి మళ్లీ మట్టితో సహా బకెట్టులో సర్ది, "తీసుకెళ్లండి వదినగారూ, ఆకులు వాలినప్పుడు మాత్రం నీళ్లు ఆపేయండి" అంది. ఆంటీ తాంబూలంతో పాటు మా బకెట్టు కూడా పట్టుకుపోయారు. బకెట్టు అయితే నిస్సందేహంగా మాదే.

అందరూ వెళ్లాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. పౌరుషం లేదా అన్నాను, ఇలాంటి మెతకతనం వల్లే దేశం ఇలా ఉందన్నాను. అమ్మ పేపరు మీద మట్టి దులుపుతూ అంతా విని, కొంగు ముడి విప్పింది. అందులో రెండు దుంపలు. "గడప సందులో పడ్డాయే" అంది. "అంటే ఇప్పుడు నిజంగా తీసుకున్నట్టే కదమ్మా. ఆవిడన్నదే నిజమైంది కదా. ఇంతసేపూ నేనెవరి తరఫున పోట్లాడినట్టు?" అన్నాను. "మూడు నెలలు ఎరువేసి పెంచింది నేనే. ఆ మాత్రం వాటా నాకు రాదా ఏమిటి" అని, వెళ్లి పెరట్లో నీళ్ల తొట్టి వెనకాల, ప్రహరీ మీంచి చూసినా కనపడని చోట పాతిపెట్టింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఎవరి మీద అలిగానో నాకే స్పష్టంగా తెలియలేదు. నాన్న వచ్చి, "ఆంటీ మీదా, అమ్మ మీదా?" అని అడిగితే, "సమాజం మీద" అన్నాను. ఆయన సరేనని ఉప్మా చేయించి పెట్టారు.

మరుసటేడు వానాకాలంలో ఆంటీ మునగాకు కోసం మా పెరట్లోకి వచ్చారు. తొట్టి వెనక ఊదారంగు గుబురు చూశారు. అమ్మ కదలకుండా నిలబడింది. ఆంటీ చాలాసేపు చూసి, "మీది బాగా వచ్చిందండీ. నేను నీళ్లు ఆపలేకపోయాను, ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేక పోశాను. దుంపలన్నీ కుళ్లిపోయాయి" అన్నారు. "నాకో పిలక ఇస్తారా వదినగారూ?" అన్నారు.

అప్పటికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. ఏడాదిగా సానబట్టి ఉంచాను. మట్టి, మొక్క, బకెట్టు, పేరంటం, అన్నీ వరసగా వచ్చే గొప్ప జవాబు. నోరు తెరిచాను. అమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఏవే, ఆంటీకి కాఫీ పెట్టు" అంది. నేను కాఫీ పొడి డబ్బా మూత టంగుమనేలా తీసి నా నిరసన తెలిపాను. కాఫీ పట్టుకుని బయటికొచ్చేసరికి ఇద్దరూ నేలమీద కూర్చుని ఒకే గుంటలోంచి దుంపలు తీస్తూ, రొయ్యల మాటేదో అనుకుని నవ్వుకుంటున్నారు. నావంక ఎవరూ చూడలేదు.

ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అంట్లు తోముతున్నప్పుడు అప్పుడప్పుడు బయటికి తీసి, ఆంటీని ఎదురుగా నిలబెట్టి, మొదటి నుంచీ చివరిదాకా చెప్పుకుంటాను. కాకపోతే నాకు వయసొచ్చినట్టే ఊహలో ఆవిడకీ వచ్చింది. ఈమధ్య మోకాళ్లు పట్టుకుని నిలబడుతున్నారు. అందుకని ముందు కుర్చీ వేసి కూర్చోమంటున్నాను, మంచినీళ్లు ఇస్తున్నాను. ఆవిడ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "ఏదో అనబోతున్నావు, చెప్పమ్మా" అంటారు ఎంతో మెత్తగా. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నాకు మొదటి వాక్యం గుర్తుకు రావడం లేదు.