నోరు తెరిచిన 'ప'

నార్కట్‌పల్లి హైవే పక్కనే మా ప్రింటింగ్ ప్రెస్సు. నా కొడుకు లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండేదానికన్నా రోడ్డు మీద ఉండేదే ఎక్కువ. అందుకని ప్రెస్సు మా అత్తాకోడళ్లదే. కంప్యూటర్లో అక్షరాలు పేర్చేది కోడలు. ఆఫ్‌సెట్ మిషన్ మీద అచ్చు వేయడం, వచ్చిన గిరాకీతో మాట్లాడటం, అవసరమైతే పోట్లాడటం నా పని. పోట్లాటలో నన్ను మించినవాళ్లు మా బజారులో లేరు. ఇది నేను చెప్పుకుంటున్నది కాదు, బజారంతా చెప్పేదే.

బిల్లు బుక్కులు, కరపత్రాలు వేసేవాళ్లం కానీ మా ఇల్లు నడిచింది పెండ్లి కార్డుల మీద. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు పెండ్లిళ్లలో కొత్త పద్ధతి మొదలైంది. వచ్చిన చుట్టాలకు ప్లాస్టిక్ కవరు మానేసి గుడ్డ సంచి చేతిలో పెట్టడం. సంచిలో జాకెట్ గుడ్డ, కొబ్బరికాయ. సంచి మీద అచ్చు. ఆ అచ్చు మా మిషన్ మీద పడదు. దానికి స్క్రీన్ ప్రింటింగ్ కావాలి. చట్రానికి సన్నటి జాలీ బిగించి, అక్షరాలున్న చోటు వదిలి మిగతాదంతా మూసేస్తారు. పైన రంగు పోసి రబ్బరు పట్టీతో లాగితే ఆ అక్షరాల సందుల్లోంచి రంగు దిగి గుడ్డ మీద పడుతుంది. నాకు తెలిసింది అంతే. అది కూడా విన్నదే.

అట్లాంటి రోజుల్లో ఒక గొర్ల మందల పెద్దమనిషి వచ్చాడు. మా ఆయన బతికున్నప్పటి నుంచీ మా గిరాకీ. మనవరాలి పెండ్లి.

"చెల్లె, కార్డులతోటి సంచులు గిట్ల ఏస్తవా?"

"కార్డులేస్త. సంచులు నేనేడ ఏస్తనే అన్నా?"

"గట్లయితే రెండూ పట్నంలనే ఇస్త తియ్. కార్డులకు గీడికి, సంచులకు గాడికి ఎవడు తిరుగుతడు? నా కాళ్లేమన్న గొర్ల కాళ్లా?"

ఆయన ఒక్కడు పోతే ఒక్క గిరాకీ పోయినట్టు కాదు. ఆయన కార్డు ఎక్కడ వేయిస్తే ఆయన అన్నదమ్ములు, వియ్యంకులు, వాళ్ల ఊళ్లు అక్కడే వేయిస్తాయి. ఆ మంద మొత్తం పట్నం దారి పడితే మాకు మిగిలేది బిల్లు బుక్కులే. ప్రెస్సు తలుపు తీయడం కూడా దండగ.

"ఏస్త," అన్నాను. "సంచులు గూడ నేనే ఏస్త."

కోడలి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ముందుగాల ఒక్క సంచి ఏసి సూపియ్యి. మంచిగుంటె రెండూ నీకే. లేకుంటె నా మీద అలుగొద్దు," అన్నాడాయన. గడప దాటబోయి మళ్లీ వెనక్కి తిరిగాడు. "మీద 'పెండ్లి పిలుపు' అని పెట్టు. పెళ్లి గిళ్లి ఒద్దు. మన ఇండ్లల్ల ఎట్లంటమో గట్లనే ఉండాలె."

ఆయన అటు పోగానే కోడలు కుర్చీ ఇటు తిప్పింది. "అత్తమ్మా, మన తాన టేబులు లేదు, చట్రం లేదు, రంగు లేదు. ఏం జూసుకోని ఒప్పుకున్నవ్?"

"నిన్ను జూసుకోనే."

"నన్ను జూసుకుంటె బావిల దుంకెటట్టున్నవ్," అని నవ్వింది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే. మరునాడే ఇద్దరం పట్నం బస్సెక్కాం. ఒక కుట్టిన సంచి మడిచి చేతిలో పట్టుకున్నాను.

సామాను అమ్మే దుకాణంలో ఒక మిషన్ చూపించాడు. చట్రం దానంతట అదే దిగుతుంది, రంగు దానంతట అదే లాగుతుంది, కింద బల్ల గాలి పీల్చి కాగితాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఒక కార్డు వేసి ఇచ్చాడు. ముత్యంలా ఉంది. కోడలు ఆ మిషన్ చుట్టూ తిరగడం చూస్తే, అక్కడే వదిలేసి వచ్చినా బాధపడేలా లేదు.

నేను సంచి తీసి బల్ల మీద పరిచాను. "దీని మీద ఎయ్యి."

వేశాడు. సంచికి కుట్లున్నాయి, పట్టీలున్నాయి. గుడ్డను బల్ల పట్టుకోలేదు, చట్రం వచ్చి కుట్టు మీద కూర్చుంది. ఒకపక్క రంగు ముద్దయింది, ఇంకోపక్క అసలు పడనే లేదు.

"కుట్టిన సంచికి ఇది పనికి రాదమ్మా. చేతితో లాగే టేబులే తీసుకోండి," అన్నాడు.

"గా ముచ్చట ముందుగాలనే చెప్తె నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?"

"మీరు స్క్రీన్ ప్రింటింగ్ అన్నరు గానీ సంచి అనలేదు గదమ్మా!"

నిజమే, అనలేదు. చేతి టేబులే తీసుకున్నాం. చట్రాల దగ్గర మాకు పేచీ వచ్చింది. నేను కట్టెవి చాలన్నాను. కోడలు అల్యూమినియంవి కావాలంది.

"రోజూ కడిగేదాయె అత్తమ్మా. కట్టె నాని వంకర పోతది. వంకర చట్రంతోటి సక్కటి అచ్చెట్ల పడ్తది?"

ఆమె మాటే బాగుంది. అల్యూమినియంవే కట్టించుకున్నాం. చట్రం మీదికి అక్షరాలు దింపే లైటు పెట్టె, రబ్బరు పట్టీ, రంగులు కూడా తీసుకున్నాం. బట్ట రంగు ఎక్కువ తాగుతుంది కాబట్టి కొంచెం ముతక జాలీ మంచిదని దుకాణదారు చెప్పాడు. దానితో వేసిన బనియన్లు చూపించాడు. అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఆ సంగతి మా ఇద్దరికీ అప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చి మొదటి సంచి వేశాం. పసుపు పచ్చటి గుడ్డ మీద ఎర్ర రంగు నిగనిగలాడుతూ పడింది. కోడలు చప్పట్లు కొట్టింది. నేను ఆరబెట్టేలోపే పెద్దమనిషి దిగబడ్డాడు. సంచి ఎత్తి, దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చదివాడు.

"వెం...డ్లి. వెండ్లా? గిదేంది చెల్లె? చుట్టాలు నేను వెండి పంచుతున్ననని గిన్నెలు పట్టుకోని ఉరికొస్తె ఎవ్వలు బాధ్యులు?"

చూస్తే నిజంగానే 'వెండ్లి'. 'ప'కు, 'వ'కు తేడా పైన ఉన్న చిన్న సందే. సందుంటే 'ప', మూసుకుంటే 'వ'. ముతక జాలీలోంచి దిగిన రంగు ఆ సందును పూడ్చేసింది. కింద 'డ' కాళ్ల దగ్గరున్న ల వత్తు నల్లి నలిగినట్టుంది.

"వచ్చే వారం అంగడి దాక సూస్త," అన్నాడాయన. "ఆ తర్వాత పట్నం బస్సెక్కుత. చెప్పలేదనకు."

కోడలి మొహం చిన్నబోయింది. నేను మాత్రం ఆ అక్షరాన్నే చూస్తూ కూర్చున్నాను. నాకు బడి లేదు. పెండ్లయి వచ్చాక, బిడ్డలు పుట్టాక, మా ఆయన అచ్చుకు పేర్చే సీసం అక్షరాల గళ్ల దగ్గర నిలబడి చదువు నేర్చుకున్నాను. 'వ' గడిలో 'ప' వేస్తే ఆయన కేకలు పక్క బజారుకు వినబడేవి. అందుకని ఆ రెండు అక్షరాలను వేలితో తడిమి పట్టుకునేదాన్ని. సీసం 'ప'లో సందు పెద్దగా ఉండేది. గోరు దూరేంత. రంగు పడితే పక్కలకు పాకుతుందని అక్షరం పోసినవాళ్లకు తెలుసు కదా.

"బిడ్డా, గా కంప్యూటర్ల 'ప' సందు జర పెద్దగ చెయ్యొస్తదా?"

కోడలు ఆ అక్షరాన్ని విడిగా తెరిచి, సందు సాగదీసింది. వత్తును కొంచెం కిందికి జరిపింది. తెర మీద చూస్తే అది వికారంగా ఉంది.

"'ప' నోరు తెరిసినట్టున్నది అత్తమ్మా."

"తెరవనియ్. రంగు పడ్డంక అదే మూస్తది."

ఆమె ఊరుకోలేదు, దుకాణానికి ఫోన్ చేసింది. మన అక్షరాలకు ఇంకొంచెం సన్న జాలీ కావాలని దుకాణదారు కూడా ఒప్పుకున్నాడు. పాత చట్రం తీసుకుని కొత్త జాలీ చట్రం బస్సులో పంపిస్తానన్నాడు. చట్రాన్ని గుడ్డకు ఆనించవద్దని, అట్టముక్క మందం ఎత్తులో ఉంచి లాగితే జాలీ వెంటనే పైకి లేస్తుందని, రంగు పాకదని చెప్పాడు. మంచి మాట. సంచి లోపల పెట్టడానికి మా వీధి వడ్రంగితో నున్నటి చెక్క కోయించాను. చెక్క లోపలుంటే కుట్లు పక్కకు పోతాయి, అచ్చు పడే చోటు బల్లపరుపుగా ఉంటుంది.

అంగడి రోజు పొద్దున్నే చట్రం దించాం. పట్టీ నేనే లాగాను. ఒక్కటే లాగుడు, మధ్యలో ఆపలేదు. కోడలు చట్రం ఎత్తింది. ఎత్తి, సంచి వైపు చూడకుండా నా మొహం చూసింది.

పెండ్లి పిలుపు.

సందు సందుగా ఉంది. వత్తు వత్తుగా ఉంది. కోడలు ఇస్త్రీపెట్టె వేడి చేసి, పైన కాగితం వేసి అచ్చును బాగా కాల్చింది. రంగు గుడ్డను పట్టేసింది.

పెద్దమనిషి అంగడి నుంచి నేరుగా వచ్చాడు. ఈసారి బిగ్గరగా చదివాడు, బయట ఆటోవాళ్లు తలలు తిప్పేంత బిగ్గరగా. "పెండ్లి! పిలుపు!" తర్వాత జేబులోంచి పసుపు పొట్లం తీశాడు, మా నీళ్ల చెంబులో వేలు ముంచాడు.

"శుభకార్యానికి పసుపు పెట్టనిది పంచం గద. తడి పసుపుకు రంగు కారితె నా ఇజ్జత్ పోతది," అంటూ అక్షరాల మీదే బొటనవేలితో రుద్దాడు. గట్టిగా రుద్దాడు. గొర్రె చెవి మీద గుర్తు తుడిచినట్టు రుద్దాడు. వేలికి పసుపే అంటింది. ఎరుపు కదల్లేదు.

"రుద్దు అన్నా, ఇంకా రుద్దు," అన్నాను. "గుడ్డ చినుగుతది గానీ గా 'ప' పోదు."

ఆయన పగలబడి నవ్వాడు. "రెండూ నీకే చెల్లె. కార్డులూ, సంచులూ. కార్డుల మీద గూడ గీ నోరు తెరిసిన 'ప'నే పెట్టియ్యి. నీ తీరే ఉన్నది."

ఆ నమూనా సంచినే భుజానికి తగిలించుకుని, అంగట్లో కొన్న ఉల్లిగడ్డలు అందులో పోసుకుని బస్టాండు దాకా నడుచుకుంటూ పోయాడు. పొద్దు గూకకముందే ఆలేరు వైపు పోయే బస్సు కోసం నిలబడ్డ ఒకాయన మా గడప ఎక్కాడు.

"గా గొర్ల పెద్దమనిషి బుజం మీది సంచి ఏసింది మీరేనా?"

"మేమే," అంది కోడలు, నాకంటే ముందే. "ఎన్ని గావాలె?"