బడిలో పడుకున్న నా కొడుకు

నా కొడుకు చనిపోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఎస్.ఆర్. నగర్‌లో అమ్మాయిల హాస్టల్ వంటింట్లో వంకాయలు కోస్తున్నాను. ఈశాన్య సరిహద్దు కొండల్లో వాడితో పనిచేసే జవాను చేశాడు. రోడ్డు మీద పేలుడు జరిగిందని హిందీలో చెప్పాడు. నాకు సగమే హిందీ వచ్చు. ఆ సగమే చాలింది.

సాయంత్రానికి హాస్టల్ టీవీలో నలుగురు కూర్చుని, ఆ కొండల్లో తుపాకులు ఎందుకు దిగవో చెబుతున్నారు. ఒకాయన పొరుగుదేశం అన్నాడు. ఒకాయన అడవి అన్నాడు. ఇంకొకాయన ఆ జనం రక్తమే అంత అన్నాడు. ఆ కొండలు ఎటున్నాయని అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూపించే రకం. మధ్యలో కుక్కర్ ప్రకటన కోసం ఆగి, మళ్లీ యుద్ధం మొదలుపెట్టారు. ఒక్కరి ఇస్త్రీ చొక్కా మడత కూడా నలగలేదు.

నేను చదివింది మూడో తరగతి. అదీ మరిచిపోతే, ఈ రాత మళ్లీ నేర్పింది నా కొడుకే. సనత్‌నగర్ నుంచి బస్సులో వస్తుంటే దుకాణాల బోర్డులు చదివించేవాడు. నేను తడబడితే నవ్వేవాడు కాదు. "నిదానంగ చదువమ్మా. బోర్డు యాడికి పోదు, బస్సే పోతది" అనేవాడు. అన్నంలో కరివేపాకు ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టేవాడు, తరగతిలో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు. పంతులు కావాలనుకున్నాడు. జవాను ఉద్యోగం ముందు వచ్చింది.

పోయినసారి సెలవులో వచ్చినప్పుడు, నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"ఆడ యాడ పండుకుంటున్నవు బిడ్డా?" అని అడిగాను.

"బడిల."

"సెలవులా బడికి?"

"సెలవులు కాదమ్మా. మేమున్నమని బడి లేదు. మూడేండ్లయింది."

"మరి పిల్లలు?"

ఇంకో రెబ్బ ఒలిచి గిన్నెలో వేశాడు. "పెద్దగైతున్నరు" అన్నాడు.

బడి లేక పెద్దయిన వాళ్ల దగ్గరికి అడవిలోంచి మనుషులు వస్తారట. చేతికి తుపాకీ ఇచ్చి, ఇదే పని అంటారట. "ఆళ్లున్నరని మేము బడిల ఉన్నం. మేము బడిల ఉన్నమని ఆళ్లు ఎక్కువైతున్నరు. ఎవల్నని అడుగుతవు?" అన్నాడు. బడి వదిలి బయట డేరాలు వేసుకుంటామని వాడు పెద్ద సారుకు అర్జీ కూడా పెట్టాడు. పైనుంచి ఆర్డరు రావాలన్నారట. ఆ పై ఎక్కడుంటుందో వాడికీ తెలియదు. బాంబు పెట్టినవాళ్లనూ నేను వదలను. పక్కింటి బిడ్డకు తుపాకీ ఇచ్చి, సొంత బిడ్డను పట్నంలో కాలేజీకి పంపే పెద్దలు ఆ వైపూ ఉన్నారని వాడే చెప్పాడు. ఎంత వీరులో!

పదకొండో రోజు అయ్యాక పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాల్లో పార్టీవాళ్లు సంతాప సభ పెట్టారు. బయట ఫ్లెక్సీలో నాయకుడి మొహం తలుపంత ఉంది, నా కొడుకు బొమ్మ పోస్టు బిళ్లంత ఉంది. నాయకుడి మనిషి ఒకడు వచ్చి నా చెవి దగ్గర వంగాడు.

"పెద్దమ్మా, మైకుల జర గట్టిగ చెప్పు. ఇంకో కొడుకుంటే ఆన్ని సుత పంపుతనని."

"నాకు ఇంకో కొడుకు లేడు నాయనా."

"ఉంటేనే కదా అంటున్నం. లేకుంటే ఇంక ఫికరేముంది?"

"నీకున్నరా కొడుకులు?"

"ఇద్దరు. ఇంజినీరింగ్ చదువుతున్నరు."

"అట్లయితే నువ్వే చెప్పు మైకుల."

నన్ను వేదిక మీదికి తీసుకుపోయారు. నా కొడుకు బతికుండగా అడిగింది ఒక్కటే, అదే అడిగాను. "నా కొడుకు పండుకున్న బడి ఖాళీ చేసి పిల్లలకియ్యుండ్రి" అన్నాను. ముందు వరస వాళ్లు అలవాటుగా చప్పట్లు కొట్టి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల్లి బాధలో ఉందని చెప్పి మైకు లాక్కున్నారు. అంతకుముందు, బాధలో ఉందనే ఇచ్చారు.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీన్ని లాక్కునేవాడు లేడు. ఆ బడిలో ఈరోజుకీ జవాన్లే ఉన్నారు. నా కొడుకు మంచంలో ఇంకొకరి కొడుకు పడుకుంటున్నాడు.

వాడి సామాన్ల పెట్టె తెచ్చి ఇచ్చింది ఆ ఫోను చేసిన జవానే. టీ ఇచ్చి, వాడు పడుకున్న గది ఎలా ఉంటుందో చెప్పమన్నాను. వాడి మంచం నల్లబల్ల కిందే ఉండేదట. ఆ ఊరి పంతులు ఆఖరి రోజు రాసిన మూడు వరుసలు బల్ల మీద అలాగే ఉన్నాయట. డ్యూటీల పట్టిక రాద్దామని ఎవరో గుడ్డ తీసుకుంటే వాడు అడ్డం నిలబడ్డాడట. ఆ భాష వాడికి రాదు. ఒక్క అక్షరమూ తెలియదు. అయినా మూడేళ్లు ఎవరినీ తుడవనివ్వలేదట. మూడో వరుస మధ్యలో ఆగిపోయి ఉంటుందట, బల్ల అంచున సగం అరిగిన సుద్దముక్క, ఇప్పుడే వస్తానని పంతులు గుమ్మం దాకా వెళ్లినట్టు.