ఐదు కిలోల బ్యాగు, నాసిక్ తోటలు, మా మామ గోనెమూట

మా మామకు నాసిక్ చూడాలని ముప్పై ఏళ్ల కోరిక. పటాన్‌చెరు దగ్గర లక్డారంలో ఆయన పాతికేళ్లు అంగూర్ తోట పెంచాడు. కొనడానికి వచ్చిన వ్యాపారులంతా నాసిక్ ద్రాక్షపందిళ్ల గురించి ఊరించి పోయేవారట. తోట పోయాక, ఇంటి వెనక ఒకే ఒక్క తీగె మిగిలింది. ఆ పెరడు కూడా గోదాముకు అమ్మేశాం, దీపావళి దాటగానే జేసీబీ వస్తుందన్నారు. అది తెలిసినప్పటి నుంచి ఆయన సరిగ్గా అన్నం తినలేదు. చూడలేక, దసరా సెలవుల్లో నాసిక్ పోదామని నేనే అన్నాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు, కాబట్టి మామా నేనూ బయలుదేరాం.

నేను మాత్రల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. గ్రాము తేడా వచ్చినా డబ్బా పక్కన పెట్టేసే బుద్ధి ఇంటికీ వచ్చింది. మనిషికి ఒక బ్యాగు, ఐదు కిలోలు, అంతే! మేం చూడబోయే వైన్ తోటల్లో అన్నీ మట్టిదారులే, సూట్‌కేసు ఈడ్చుకుంటూ తిరిగితే చక్రాలు చూడటంతోనే సరిపోతుంది. రెండు జతల నూలు బట్టలు, తువ్వాలు, పొద్దుటి చలికి స్వెటర్, పాత బూట్లు, మందులు, ఒక్క పొట్లం సకినాలు. రెండో పొట్లానికి ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది, నేనే గెలిచాను.

బస్సు ఎక్కే ముందు ఊళ్లోని కిరాణా సేటు కాంటా మీద బ్యాగులు పెట్టాను. నాది నాలుగున్నర. మామది ఎనిమిది! ఆయన పక్క హోటల్లో చాయ్ తాగుతున్నాడు. జిప్పు తీస్తే తడి గోనెపట్టాలో చుట్టిన పుల్లల కట్ట.

"మామనడుగు తల్లీ," అన్నాడు సేటు.

"అడుగుడేంది సేటూ? నాసిక్‌ల యాపచెట్లు లేవా? మూడు దినాలకు గిన్ని పండ్లపుల్లలా!" అని కట్టను కొట్లోనే వదిలేసి, రెండు బ్యాగులూ నేనే పట్టుకున్నాను. ఊరు దాటితే పళ్లు తోముకోవడానికి వేపపుల్లలు మోసుకుపోవడం మా ఇంటి మగవాళ్లకు అలవాటే మరి.

పటాన్‌చెరులో సాయంత్రం ఐదింటికి స్లీపర్ బస్సు, టికెట్టు పదమూడు వందలు. ముత్తంగి దాటుతుండగా మామ బ్యాగు తెరిచి తడుముకున్నాడు.

"బిడ్డా, మూటేది?"

"పండ్లపుల్లలా మామా? సేటు కొట్టుల పెట్టిన."

"పుల్లలు గావు బిడ్డా. మన అంగూర్ కొమ్మలు. గాడ ఎవలన్న నాటుకుంటరేమోనని కోసిన." కిటికీ వైపు తిరిగాడు. నా ప్రాణం చివుక్కుమంది. తిట్టినా బాగుండేది.

సేటుకు ఫోన్ చేశాను. "రుద్రారం కాడ ఆపుమను, వస్తున్న," అని పెట్టేశాడు. డ్రైవర్ మాత్రం, "యాడపడితే గాడ ఆపనీకి ఇది షేర్ ఆటోనా అమ్మా?" అన్నాడు. సంగతి చెప్పాను. అద్దంలో మామను చూసి, "రెండే నిమిషాలు," అన్నాడు.

ఎప్పుడూ విసుక్కునే ఇస్నాపూర్ ట్రాఫిక్‌కు ఆ రోజు దండం పెట్టాను. కంపెనీ బస్సులన్నీ అడ్డం తిరిగి మమ్మల్ని పావుగంట ఆపాయి. రుద్రారంలో సేటు స్కూటర్ మీద మూట పెట్టుకుని రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. పండగ నాడు కూడా గల్లా వదలని మనిషి!

"నా పెండ్లికి గూడ గింత ఉర్కలే తల్లీ," అన్నాడు రొప్పుతూ. బస్సంతా నవ్వింది. మూట నా ఒళ్లో పెట్టుకుని నాసిక్ దాకా పోయాను, చీర తడిసినా సరే.

పొద్దున ఏడున్నరకు దిగాం. తోటల దాకా ఆటోకు నాలుగు వందలు. గుత్తులు చూడాలంటే ఫిబ్రవరిలో రావాలి, అక్టోబర్‌లో కొమ్మ కత్తిరింపులు నడుస్తాయి. మామకు కావలసింది అదే. వైన్ ఒక్క గుక్క రుచి చూసి, "మన ఈతకల్లే నయ్యం," అని గ్లాసు నాకిచ్చి తోటలోకి నడిచాడు.

అక్కడి తోటపనుల మేస్త్రీ మామ వయసువాడే. మేస్త్రీది మరాఠీ హిందీ, మామది హైదరాబాదీ హిందీ, మొత్తానికి కలిసింది. మామ మూట విప్పి చూపిస్తే, వైన్ తోటలో తినే ద్రాక్ష పెట్టరన్నాడు మేస్త్రీ. మామ ముఖం వాడింది. మేస్త్రీ ఒక కొమ్మను గోటితో గీకాడు, లోపల పచ్చగా ఉంది. "జిందా హై," బతికే ఉందన్నాడు. "మేరే ఘర్ మే లగాతా." తన ఇంట్లోనే నాటుకుంటానన్నాడు! మామ జేబులోంచి పాత కత్తెర తీసి, అడక్కుండానే మేస్త్రీతో పాటు ఒక వరస మొత్తం కత్తిరించాడు. మధ్యాహ్నం రెండు ప్లేట్ల అన్నం తిన్నాడు. ఆ సంతోషంలో నేను కూడా రెండో ప్లేటు తిన్నాను.

తక్కువ సామానుతో పొమ్మని ఇప్పటికీ అందరికీ చెబుతాను. చేతులు ఖాళీగా ఉంటేనే దారిలో దేన్నైనా పట్టుకోగలం. అయితే ఒక్క సలహా: ఇంకొకరి బ్యాగు తేలిక చేసే ముందు, అందులో ఏముందో వాళ్లనే అడగండి.

దీపావళి మర్నాడు మేస్త్రీ నా ఫోన్‌కు ఫొటో పంపాడు. నాలుగు కొమ్మలు చిగురు వేశాయి. ఆ వారమే జేసీబీ వచ్చింది. తీగె దగ్గర డ్రైవర్ ఆగి మామ వైపు చూశాడు. మామ నా ఫోన్ తీసుకుపోయి అతనికి ఫొటో చూపించాడు.

"ఇగ కొట్టు బిడ్డా," అన్నాడు. "అది ముందే ఎల్లిపోయింది."