అప్ప వేసిన తాళం

ఆ రోజుల్లో మా రాజాం వైపు పిల్లలకి రాజధాని అంటే ఊరు కాదు, రేడియోలోంచి వచ్చే గొంతు. టికెట్టు కొనుక్కుని రైలెక్కితే ఆ గొంతు ఉండే చోటికి చేరిపోవచ్చని పన్నెండేళ్ళు వచ్చేదాకా నాకు తట్టలేదు. అలాంటిదాన్ని ఒక వసంతకాలంలో హైదరాబాదు వెళ్ళాను. పూలతోటలు చూశాను, కవుల సభలో కూర్చున్నాను, గోల్కొండ కోట ఎక్కాను. భగవంతుడి దయ కాకపోతే ఇంట్లో నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్న పల్లెటూరి పిల్లకి అంత భాగ్యం ఎక్కడిది? కాకపోతే ఆ భాగ్యం మా అప్ప జబ్బు చెయ్యి పట్టుకుని వచ్చింది. అందుకని ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా నా నవ్వు సగంలో ఆగిపోతుంది.

అప్ప అంటే మా అక్క. (మా వైపు అలాగే అంటాం, సీమ వాళ్ళు తండ్రిగారనుకోకండి.) అప్పటికి తనకి పంతొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం పోతూ పోతూ గుండెను పట్టుకుందన్నారు. బిందెతో నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేది. ఎవరైనా చూస్తే మాత్రం, "గోడకి సున్నం రాలిపోతన్నాది, సూస్తన్నాను," అనేది. మా అమ్మ తమ్ముడికి, అంటే మావకి, అప్పని ఇవ్వాలని తను పుట్టినప్పుడే అనుకున్నారు. మావ హైదరాబాదులో గుమస్తా. చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో అమ్మమ్మతో ఉండేవాడు. "ఇక్కడ పెద్ద డాక్టర్లున్నారు, తీసుకురండి, ఆపరేషను చేస్తే బాగవుతుంది," అని కబురు పెట్టాడు. ఆపరేషను అయితే పెళ్ళి, లేకపోతే లేదు. ఆ రెండో ముక్కని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అప్పకి సాయంగా నన్ను పంపారు. బడికి పోనిదాన్ని కదా, ఎక్కడికి పంపినా హాజరు పోదు.

నాన్న మమ్మల్ని దింపి, నువ్వుచేను పనులున్నాయని వెనక్కి వెళ్ళిపోయారు. పెద్ద డాక్టరు అప్పని చూసి, ఏవో పరీక్షలు రాసి, వచ్చే సోమవారం రమ్మన్నారు. అప్పుడే ఆపరేషను సంగతి తేలుస్తానన్నారు. అంతవరకు మెట్లెక్కకూడదని మరీ మరీ చెప్పారు. సోమవారం దాకా ఇంట్లో కూర్చుంటే పిల్ల దిగులు పడుతుందని మావ ఒక ఉపాయం ఆలోచించాడు. "మెట్లు లేని హైదరాబాదు సూపిస్తాను రండే!" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయనకి తెలీదు, ఆ ఊళ్ళో చూడదగ్గవన్నీ మెట్ల పైనే ఉంటాయని.

ముందు తోటకి తీసుకెళ్ళాడు. అక్కడ పూలకి పేర్లు రాసిన పలకలు పెట్టారు. "పువ్వుకి పేరెందుకు మావా, దానికి తెలీదా?" అంది అప్ప. ఉగాది నాడు కవుల సభకి తీసుకెళ్ళాడు. పెద్ద హాలు, తలమీద తిరిగే పంకాలు, మెత్తని కుర్చీలు. ఒక కవిగారు లేచి, కోయిల మీద రాసింది రాగం తీసి చదవడం మొదలెట్టారు. పద్యం బాగా సాగుతుంటే చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. అప్పా నేనూ కూడా అందుకున్నాం. ఇక్కడే చిక్కొచ్చింది. మా ఊళ్ళో చప్పట్లంటే శనివారం భజనలో తాళం. మొదలెడితే పాట అయ్యేదాకా ఆపకూడదు, ఆపితే దేవుడికి అపచారం. మెచ్చుకోడానికి రెండు కొట్టి మానేస్తారని మాకెవరు చెప్పారు? జనమంతా ఆపేశాక కూడా మేమిద్దరం దిట్టంగా తాళం వేస్తూనే ఉన్నాం. కవిగారు పాపం మా తాళంలో పడిపోయి, కోయిలని గబగబా కూయించేసి కూర్చున్నారు. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మావ చెప్పులు వెతుకుతున్నట్టు కుర్చీ కిందికి వంగిపోయాడు. "ఏటే మీరు, కవిగారి సేత భజన సేయించేసినారు!" అని దారంతా నవ్వాడు. అప్ప కూడా నవ్వబోయింది గానీ ఊపిరి చాలక మధ్యలో ఆగి, దీపం స్తంభం పట్టుకుని, "దీనికి సున్నం లేదు," అంది. మావ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

సోమవారానికి ముందు ఆదివారం గోల్కొండ వెళ్ళాం. కొండంతా మెట్లే. మావ మొహం చిన్నబోయింది, వెనక్కి పోదామన్నాడు. అప్ప ఒప్పుకోలేదు. ద్వారం దాటాక ఒక కప్పు కింద నిలబడి, అందరికీ కోట చూపించే పెద్దమనిషి ఒకాయన చెబుతున్నాడు: ఇక్కడ చప్పట్లు కొడితే కొండ కొసన వినిపిస్తుందట, శత్రువులు వస్తే రాజుకి అలా తెలిసేదట. అది విని అప్ప కళ్ళు మెరిశాయి. "ఒసే గుంటా, నువ్వూ మావా ఎల్లండి. నాను ఈ గోడవార కూకుని తాళం ఏస్తాను. తాళం ఇనపడినంతసేపూ నాను బాగున్నట్టే. పైన ఏటున్నాదో సూసొచ్చి నాకు సెప్పు." (గుంట అంటే మా వైపు ఆడపిల్ల.) మావ కదల్లేదు. "ఎల్లు మావా, దాన్నొక్కత్తినీ ఎలా పంపుతాం? నీ కోసం కూడా ఏస్తాన్లే," అంది. ఆ మాటకి మావ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా మెట్లెక్కడం మొదలెట్టాడు.

పైకి చేరేసరికి నాకు ఆయాసం. అప్పకి రోజూ ఇలాగే ఉంటుంది కాబోలని అప్పుడు అనిపించింది. ఆ పెద్దమనిషి మాకంటే ముందే కొంతమంది కాలేజీ కుర్రాళ్ళతో అక్కడున్నాడు. "అందరూ సద్దుమణగండి, కిందినుంచి మా మనిషి ఒక్క చప్పట్టు కొడతాడు, వినండి," అని చెయ్యెత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. వినిపించింది. ఒక్కటి కాదు. మా శనివారం భజన తాళం, మూడు దెబ్బలూ ఒక విరుపూ, మళ్ళీ మూడు దెబ్బలూ, పక్కనే కూర్చుని వేస్తున్నంత తేటగా. పెద్దమనిషి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. రాజులనాటి నుంచి అలాంటి చప్పుడు ఆ కొండ వినలేదేమో. నేనేం చేశాననుకున్నారు? తాళం వింటే నోరు మూసుకుని ఉండే అలవాటు నాకు లేదు. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, గొంతెత్తి రామనామం అందుకున్నాను. కుర్రాళ్ళు మొదట పకపకా నవ్వారు, తరవాత ఒకడు వంత పాడాడు, ఇంకొకడు చిటికెలు వేశాడు. చూస్తూ చూస్తూ మా మావ కూడా కలిశాడు. గోల్కొండ కోట మీద అలా భజన జరిగింది. పాడుతున్నంతసేపూ నా మనసులో ఒకటే ధ్యాస: అప్ప వింటోంది, అప్ప వింటోంది.

ఉన్నట్టుండి తాళం ఆగింది.

విరుపేమో అనుకున్నాను. మళ్ళీ రాలేదు. మావ మొహంలో రక్తం లేదు. నన్ను కూడా మరిచిపోయి మెట్లమీద పరుగెత్తాడు. నేను వెనక ఏడ్చుకుంటూ, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ దిగాను. దారిలో మావ చెప్పు ఒకటి కనిపించింది, దాన్ని గుండెకి హత్తుకుని దిగాను.

కింద చూద్దునా, అప్ప గోడకి చేరగిలబడి ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనే ద్వారం దగ్గర కాపలా ఉండే ముసలాయన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. అవి ఏడుపు నీళ్ళు కావు. జరిగిందేమిటంటే, తాళం వేస్తున్న అప్పని చూసి ఆయన వచ్చి, "ఏం జేస్తున్నవమ్మా?" అని అడిగాడట. "తాళం ఏస్తన్నాను బాబూ," అందట అప్ప. "తాళమా? ఇంక పొద్దుంది, ఇప్పుడే తాళమెందుకు? తాళమేసే పని నాది," అని ఆయన కంగారుపడి ద్వారం కేసి చూశాడట. "అది కాదు బాబూ, మా గుంట పైకెల్లినాది, దానికి ఇనపడాలని," అందట. ఆయన కాసేపు ఆలోచించి, "గుంట పైకెట్ల పోతదమ్మా? గుంట కిందనే ఉంటది గద!" అన్నాడట. అంతే. అప్పకి నవ్వు ఆగలేదు. నవ్వుకీ తాళానికీ రెంటికీ సరిపడా ఊపిరి తన దగ్గర లేదు. నవ్వునే ఉంచుకుంది. ఆ ముసలాయన ఎవరో, ఏ తల్లి బిడ్డో, పరుగున వెళ్ళి నీళ్ళు తెచ్చి తాగించాడు. ఇప్పటికీ నా దండాల్లో ఆయనకొక దండం ఉంది.

మావ ఎదురుగా నిలబడి రొప్పుతున్నాడు. అప్ప ఆయన కాళ్ళ వైపు చూసి, "మావా, సెప్పేదీ?" అంది.

"ఏటి సెప్పమంతావే! పేనం పోయినాది నాకు!" అన్నాడు మావ.

"ఆ సెప్పు కాదు, కాలి సెప్పు!"

నేను నా చేతిలోది చూపించాను. అప్పుడు మావ కూలబడి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీకుండా మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారని కూడా లేకుండా అప్ప ఆయన తలమీద చెయ్యి వేసింది. వాళ్ళిద్దరూ ముట్టుకోగా చూడడం అదొక్కసారే. తిరిగొచ్చేటప్పుడు నేను గొప్పగా అడిగాను, "అప్పా, నా పాట ఎలాగున్నాది?" అప్ప వింతగా చూసింది. "పాడినావేటి? నాకు ఇనపడలేదే." కింది చప్పుడు పైకి పోతుంది గానీ పైనుంచి కిందికి రాదని ఎవరూ మాకు చెప్పలేదు.

సోమవారం పెద్ద డాక్టరు మావని ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. బయటికి వచ్చి మావ, "ఆపరేషను అక్కర్లేదట, మందులు సాలట," అన్నాడు. అప్ప ఆయన మొహం కేసి చూసి, "మంచిదే కదా, కోత లేకుండా పోయినాది," అంది. ఆలస్యమైపోయిందన్న సంగతి తనకి తెలిసిపోయిందని మాకూ తెలిసింది, ఎవరమూ బయటపడలేదు. ఊరొచ్చాక తను మంచం దిగడం తగ్గింది. శనివారాల్లో మా వీధరుగు మీద భజన జరుగుతుంటే మంచంకోడు మీద వేలితో తాళం వేసేది, నేను కిటికీలోంచి చూసి గొంతు పెంచేదాన్ని. మరుసటి ఉగాది పచ్చడి తను తినలేదు. మావ చాలా ఏళ్ళకి వేరే పిల్లని చేసుకున్నాడు. చల్లని మనిషి ఆ అత్త. అప్ప ఫొటోకి తనే దండ వేసేది.

మొన్న వసంతంలో మా అమ్మాయి, మనవరాలితో మళ్ళీ గోల్కొండ వెళ్ళాను. (ఇప్పుడది మా రాజధాని కూడా కాదు, పక్క రాష్ట్రం. కోటకి ఆ సంగతి పట్టినట్టు లేదు.) నా మోకాళ్ళు మెట్లని చూసి దండం పెట్టేశాయి. వాళ్ళని పైకి పంపి, అదే కప్పు కింద, గోడవార కూర్చున్నాను. పిల్ల పైకి చేరి ఉంటుందనిపించాక తాళం మొదలెట్టాను. ప్యాంటూ చొక్కా వేసుకున్న కాపలా కుర్రాడు వచ్చి, "ఒక్కసారి కొడితే చాలమ్మా," అన్నాడు. "తాళం ఏస్తన్నాను బాబూ," అన్నాను. ఎన్నేళ్ళకి నా నోట ఆ యాస వచ్చిందో! చేతులు నొప్పెట్టేదాకా వేశాను.

పిల్ల పరుగెత్తుకుంటూ దిగి వచ్చింది. "అమ్మమ్మా! నువ్వు కొట్టింది వినపడింది! నేను నిన్ను ఎంత గట్టిగా పిలిచానో, విన్నావా?"

"లేదే తల్లీ," అన్నాను, "కిందికి వినపడదు." అని, మళ్ళీ రెండు చేతులూ కలిపి ఇంకొక్క ఆవర్తం వేశాను. మనవరాలు కిందికి వచ్చేసింది కదా, ఇంకా ఎవరి కోసం ఈ ముసలిదాని చప్పట్లని కాపలా కుర్రాడు నవ్వుకున్నాడు. నాకూ నవ్వే వచ్చింది.