నాలుక మీద సముద్రం

ఫిలిప్పు మాస్టారికి నీళ్ళు కనబడితే చాలు, వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవాల్సిందే. వాగు, చెలమ, పొరుగింటి కుండ, ఏదైనా సరే. ఒకసారి చర్చిలో బాప్తిస్మం తొట్టి కూడా రుచి చూసి, "సున్నం ఎక్కువ" అని పాదిరిగారి మొహం మీదే చెప్పేశారు. ఆ నాలుకతో కాపురం చేయడమంటే మాటలా? అరకు కొండల్లో మిషను బడికి ఆయన వచ్చిన నాటి నుంచీ తెరిసమ్మ చేస్తూనే ఉంది, పాపం.

ఇది చాలదన్నట్టు ఆ ఏడు ఆయనకు సముద్రం పిచ్చి పట్టింది. ఎద్దుల మీద కొండకు ఉప్పు తెచ్చే సింహాచలాన్ని బతిమాలి, భీమిలి రాళ్ళ మడుగుల్లో తిరిగే బొటనవేలంత చారల చేపల్ని కుండలో తెప్పించారు. మిషను దొరసాని ఇచ్చిన బిస్కట్ల గాజు జాడీలో వదిలారు. కుండతో వచ్చిన నీరు మురిగేసరికి, కొత్త సముద్రం తానే కలుపుతానన్నారు. వంటింట్లో ఉప్పంతా మాయమైంది.

"కూరలో ఏటి ఎయ్యమంటారు, మన్నా?" అంది తెరిసమ్మ.

"ఈ వారం చప్పిడి తిందాం. సంత నాటికి చేప బతికుండాలి." మాస్టారు వేలు నాకారు. "ఉప్పు చాల్లేదు."

"ఎందుకో సెప్పరు."

"చెబుతాను. ముందు బతకనీ."

కలిపిన నీళ్ళు పోసిన మర్నాడే రెండు చేపలు వెల్లకిలా తేలాయి. మిగిలిన ఒక్కటీ జాడీ అడుగున రొప్పుతోంది. మాస్టారికి ముద్ద దిగలేదు. ఉప్పు పెంచారు, తగ్గించారు, గుడ్డలో వడకట్టారు. రుచి చూసిన ప్రతిసారీ "అచ్చం సముద్రమే, ఆ చేదుతో సహా" అని మురిసిపోవడం, చేప ఇంకాస్త ఒరిగిపోవడం.

భీమిలిలో సముద్రం నీళ్ళు మింగి పెరిగిన మనిషి తెరిసమ్మ. ఆ చేదు మాట విని తనూ ఓ చుక్క నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

"ఏ గిన్నెలో కలిపారు?"

మాస్టారు ఇత్తడి గుండిగ చూపించారు. ఆమె పుట్టింటి సారె అది. కళాయి ఎప్పుడో పోయింది. అడుగంతా పచ్చగా చిలుము.

"సింతపండు పులుసే ఇందులో ఎట్టను నేను. ఉప్పునీళ్ళు నానబెడతారా? ఇది సముద్రం సేదు కాదండీ, సిలుము. మట్టికుండ తెండి, బేగి."

కుండలో వాగు నీళ్ళు పోసి, ఉప్పు కరిగించి, తేర్చి, పాలు చల్లార్చినట్టు పైనుంచి తిరగబోసింది. ఈసారి రుచి చూసింది ఆమే. దగ్గరికొచ్చిన మాస్టారి వేలిమీద గరిటెతో ఒక్కటి తగిలించింది. జాడీలో నీళ్ళు మార్చాక సాయంత్రానికి చేప తోక ఊపింది. మాస్టారు చప్పిడి కూరే రెండు మార్లు వడ్డించుకున్నారు.

సంత రోజున ఆయన పైఊరి ముసలమ్మ గంగను వెంటబెట్టుకొచ్చారు. ఆమె కొడుకు భీముడు కూలికి రంగూను ఓడెక్కాడు. అంత ఉప్పునీటిలో ఏ ప్రాణీ బతకదని సంతలో ఎవడో కూశాక ఆమె సరిగా తినడం మానేసింది.

"ఇదేనమ్మా సముద్రం," అన్నారు మాస్టారు జాడీ చూపిస్తూ. "ఇంత చేపే అందులో మునిగి హాయిగా తిరుగుతోంటే, పైన ఓడలో కూర్చున్న నీ కొడుక్కేమవుతుంది?"

ఓహో, ఇందుకా ఈ చప్పిడి! తెరిసమ్మకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది, గరిటెతో కొట్టినందుకు మనసు చివుక్కుమంది.

గంగ జాడీకి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. మొహం విచ్చుకుంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆపైన సంతలో కొన్న ఉప్పు మూట విప్పి గుప్పెడు తీసింది.

"సాల్నేదు బాబూ. మా గుంటడికి ఉప్పంటే పేణం."

"నేను మొదట్నుంచీ అదే అంటున్నాను," అన్నారు మాస్టారు గర్వంగా.

తెరిసమ్మ ఆ గుప్పిటను చటుక్కున పట్టుకుని, జాడీ మీద నుంచి పొయ్యి మీది కూరలోకి తిప్పింది. ఆ పూట గంగ కూడా కడుపునిండా తింది.